రిలే దీక్ష వార్త మూడో రోజుకే ఎందుకు మాయమవుతుంది?

#1 కూడలి_సెంటర్

దీక్ష మొదలైన రోజు జిల్లా పేజీలో ఫొటోతో మూడు కాలాలు. రెండో రోజు సింగిల్ కాలం. మూడో రోజు నుంచి "కొనసాగుతున్న దీక్షలు" అని నాలుగు లైన్లు. పదో రోజుకి అవీ ఉండవు. క్రషర్ల దుమ్ము మీద కానీ, డంపింగ్ యార్డు మీద కానీ, అంగన్‌వాడీల జీతాల మీద కానీ, ఎక్కడ చూసినా ఇదే వరస. విలేకరిని అడిగితే "నేను పంపాను, డెస్కులో తీసేశారు" అంటాడు. ఇది యాజమాన్యం పక్షపాతమా, లేక వాళ్ల పని పద్ధతే అంతా? పద్ధతే అయితే ఉద్యమం నడిపేవాళ్లు దానికి తగ్గట్టు ఏం చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "మీడియా అమ్ముడుపోయింది" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయేవాళ్లకు ముందే ఓ నమస్కారం.

#2 డెస్క్_పాతకాపు

రెండూ ఉన్నాయండీ, ఎక్కువ పాలు పద్ధతిదే.

ముందు మండల విలేకరి సంగతి. చాలా పత్రికల్లో అతను జీతగాడు కాదు, కంట్రిబ్యూటర్. అచ్చయిన వార్త కొలతను బట్టి లైన్ అకౌంట్ వస్తుంది, అది పెట్రోలుకే చాలదు. నాలుగు డబ్బులు కనిపించేది యాడ్ల మీద కమీషన్లో. ఆగస్టు 15, జనవరి 26, సంక్రాంతి, ఎమ్మెల్యే పుట్టినరోజు, వీటన్నిటికీ టార్గెట్ ఉంటుంది. ఆ యాడ్లు ఇచ్చేదెవరు? క్రషర్ ఓనరు, రైసుమిల్లు, ప్రైవేటు స్కూలు, అధికార పార్టీ మండల నాయకుడు. ఇప్పుడు మీ దీక్ష ఎవరి మీదో చూసుకోండి. పైనుంచి ఎవరూ ఫోన్ చేసి "వేయొద్దు" అని చెప్పనక్కర్లేదు, వార్త అక్కడే సన్నబడుతుంది.

తర్వాత డెస్కు. సాయంత్రం 4 నుంచి 8 లోపు జిల్లాలోని మండలాలన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. సబ్ ఎడిటర్ ఒక్కో వార్త మీద పెట్టేది రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపట్లో అతను చూసేది ఒకటే: నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి? "12వ రోజుకు చేరిన దీక్ష" అంటే అది తేడా కాదు, క్యాలెండర్. అదే "క్రషర్‌కు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి గడువు ముగిసిందంటూ తహసీల్దారుకు పత్రాలు అందజేత" అనండి, తీసేయడానికి చెయ్యి రాదు.

కాబట్టి ప్రెస్ నోట్ ఇలా ఉండాలి. 150 నుంచి 200 మాటలు, అంతే. మొదటి వాక్యంలోనే ఇవాళ్టి కొత్త విషయం. రెండో వాక్యంలో డిమాండ్, అదీ ఒక్కటే. ఎన్ని ఎకరాలు, ఎన్ని కుటుంబాలు, ఏ జీవో, ఏ తేదీ, ఈ అంకెలు తప్పనిసరి. చివర ఇద్దరి ఫోన్ నంబర్లు, ఎందుకంటే డెస్కు ఫోన్ చేసే వేళకు ఒకాయన నినాదాల్లో ఉంటాడు. సాయంత్రం నాలుగున్నర లోపు వాట్సాప్‌లో పడాలి.

చాలామంది చేసే పొరపాటు: లెటర్‌హెడ్ మీద చేతిరాతతో రాసి, ఫొటో తీసి పంపడం. డెస్కులో దాన్ని మళ్లీ కొట్టే తీరిక ఎవరికుంది? యూనికోడ్‌లో టైపు చేసి మెసేజ్‌గానే పంపండి. ఇంకా చాలాచోట్ల పేజీ పెట్టేది యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లలో కాబట్టి దాన్ని కన్వర్టర్లో వేసి మారుస్తారు, అక్కడ వత్తులు చెదురుతాయి. ఊరి పేర్లూ ఇంటిపేర్లూ ఎక్కువగా పాడయ్యేది అక్కడే. కష్టమైన పేరుంటే నోటులో రెండు చోట్ల వచ్చేలా చూడండి, ఒకటి చెడినా రెండోదాన్ని చూసి దిద్దుతారు.

ఫొటో ఒక్కటి చాలు, కొలాజ్ వద్దు. బ్యానర్ మీద డిమాండ్ చదవగలిగేలా ఉండాలి, సంఘం పేరు కాదు. రైటప్‌లో ఎడమ నుంచి ఐదు పేర్లకు మించొద్దు. పదిహేను పేర్లు పంపితే డెస్కు మొదటి రెండు ఉంచుతుంది, మిగతా పదముగ్గురు మర్నాడు టెంట్ వైపు రారు. నవ్వొచ్చినా ఇది నిజం, పేర్ల గొడవల్లో చీలిపోయిన జేఏసీలు ఉన్నాయి.

#3 విజువల్_వాసు

ఛానళ్ల లెక్క వేరు. నియోజకవర్గ రిపోర్టరుకు కెమెరామన్ ఉండడు, ఫోనే కెమెరా. ఊళ్లో ఇరవై మంది రిపోర్టర్లున్నా ఒకరు తీసిన విజువల్సే వాట్సాప్ గ్రూపులో పడి అందరికీ తిరుగుతాయి. అంటే ఒక్క మంచి క్లిప్ పది ఛానళ్లకు వెళ్తుంది. చెత్త క్లిప్ కూడా అంతే.

మీరే తీసి ఇవ్వాలనుకుంటే ఫోన్ అడ్డంగా పట్టుకోండి. ఒక్కో షాట్ 8 నుంచి 10 సెకన్లు, కదపకుండా. మొత్తం కనిపించేది ఒకటి, మనుషులు కనిపించేది ఒకటి, ముఖాలో చేతులో దగ్గరగా ఒకటి. టెంట్ కిందివి మూడు చాలు. అసలు సమస్యవి ఆరు కావాలి: పత్తిచేను మీద పేరుకున్న దుమ్ము, బోరు నుంచి వచ్చే రంగు నీళ్లు, బడి గోడ పక్కన తిరిగే లారీ. చాలామంది టెంట్ మాత్రమే పంపుతారు. తెలుగు రాష్ట్రాల్లో టెంట్లన్నీ ఒకేలా ఉంటాయి, ఏది ఏ సమస్యదో చూసేవాడికి తెలీదు.

బైట్ (కెమెరా ముందు చెప్పే మాట) 15 నుంచి 20 సెకన్లు, ఒక్కరే, డిమాండ్ ముందు. ఇచ్చేటప్పుడు మైక్ సెట్ ఆపించండి, జనరేటర్‌కు దూరంగా నిలబడండి. నాలుగు నిమిషాలు మాట్లాడితే ఎడిటర్ అందులోంచి ఒక్క ముక్క కోసుకుంటాడు, అది ఎప్పుడూ మీరు కోపంలో అన్న ముక్కే అవుతుంది. పంపేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే కుదించేస్తుంది, పెద్ద తెర మీద బొమ్మ పగిలిపోతుంది.

ఇంకోటి. తోపులాట జరిగితే కెమెరా అటే తిరుగుతుంది. ఐదు వందల మంది క్రమశిక్షణతో కూర్చున్నా, ఒక్కడు బారికేడ్ ఎక్కితే రోజంతా స్క్రోలింగ్ వాడే. అందుకే "చలో కలెక్టరేట్" లాంటి వాటికి మీడియా వైపు ఇద్దరు వలంటీర్లను పెట్టుకోవాలి. ఎవరు మాట్లాడాలి, ఎవరు మాట్లాడకూడదో వాళ్లకు తెలిసుండాలి.

#4 పెన్నాతీరం

పత్రిక తలచుకుంటే ఎలా ఉంటుందో చెప్పడానికి సారా ఉద్యమాన్ని మించిన ఉదాహరణ లేదు. కాకపోతే దాన్ని సగమే చెప్పుకుంటారు.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. రాత్రి బడుల వాచకాల్లో సారా మీద పాఠాలున్నాయి. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, రోసమ్మ పేరు అక్కడి నుంచే వచ్చింది. తర్వాత ఊరి నుంచి ఊరికి పాకింది. వారుణివాహిని ప్యాకెట్లతో సర్కారే గడపగడపకూ సారా చేరవేస్తున్న కాలం అది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. "ఈనాడు" దీన్ని జిల్లా పేజీకి వదిలేయకుండా "సారాపై సమరం" పేరుతో రోజూ ఒక పేజీ కేటాయించింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ పేజీ పనిచేసిన తీరు గమనించండి. ఒక ఊళ్లో ఏం చేశారో మర్నాడు పక్క జిల్లాలో చదివేవాళ్లు. చీపుళ్లు పట్టుకుని దుకాణం మూయించడం, సారా అమ్మేవాణ్ణి ఊరేగించడం, ప్యాకెట్లు తగలబెట్టడం, ఇవన్నీ చదివినవాళ్లకు పాఠాలే. 1989 నుంచి "ఈనాడు"కు జిల్లా టాబ్లాయిడ్లు ఉండటంతో ప్రతి మండలంలోనూ రాసేవాడు సిద్ధంగా ఉన్నాడు. ఆ విలేకరుల యంత్రాంగమే లేకపోతే ఊరూరి వార్త వచ్చేది కాదు.

#5 ఓరుగల్లు_ముచ్చట

అన్నా, నువ్వు చెప్పింది నిజమే, మరి మిగిలిన సగం ఏది? పేజీ ఎవరి చేతిల ఉంటదో పేజీ ముగింపు గూడ వాళ్ల చేతిలనే ఉంటది. సారా ఉద్యమం 1994 ఎన్నికల్ల ఓట్లయింది, ఎన్టీఆర్ గెలిచిండు, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997ల ఎత్తేసిండ్రు. అప్పుడు ఆ ఆడోళ్లకు రోజుకో పేజీ ఎవరన్న ఇచ్చిండ్రా?

తెలంగాణ ఉద్యమం ఈ సంగతి చూసుకొనే నడిచింది. ఉన్న పేపర్లు, ఛానళ్లు ఎక్కువ శాతం అవతలి ప్రాంతపోళ్లయి. తెలంగాణ మీద కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబర్ల ఇచ్చిన నివేదికల ఎనిమిదో అధ్యాయం సీల్డ్ కవర్ల పెట్టిండ్రు. 2011 మార్చిల హైకోర్టు జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి తీర్పుల దాని సంగతి బయటవడ్డది. అందుల మీడియాను ఎట్ల సంబాళించాలె అని వేరేగ ఉన్నది. 13 ఛానళ్లల రాజ్ న్యూస్, హెచ్‌ఎంటీవీ తప్ప తక్కినవన్ని సమైక్యం దిక్కే అని రాసిండ్రు. ఎవరి చేతిల ఏ వాటా ఉన్నదో ఓ కమిటీయే లెక్కగట్టిందంటే, "పక్షపాతం" అనుడు మన ఊహ గాదు.

మరి ఉద్యమం ఏం జేసింది? రూపం మార్చుకుంట పోయింది. ఒకనాడు వంటావార్పు, ఒకనాడు రైలురోకో, ఒకనాడు బతుకమ్మ, ఒకనాడు సాగరహారం. ధూంధాం ఉండనే ఉండె, దానికి ఏ ఛానల్ అక్కర లేదు, ఊరే స్టూడియో. సకల జనుల సమ్మె 2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాక, 42 రోజులు. సింగరేణి బొగ్గు ఆగితే కరెంటు పోతది, బస్సు ఆగితే నగరం ఆగుతది. దాన్ని చూపియ్యకుండ ఏ ఛానల్ ఉంటది? డెస్క్ సార్ అన్న "తేడా" అంటే గదే.

సొంత మీడియా గూడ అప్పుడే వచ్చింది. "నమస్తే తెలంగాణ", టీ న్యూస్ రెండూ 2011లనే. మంచిగనే ఉండె, గని ఉద్యమంల పుట్టిన పేపర్ రాష్ట్రం వచ్చినంక పాలక పార్టీ పేపర్ అయింది. 2019ల ఆర్టీసీ సమ్మె అక్టోబర్ 5 నుంచి నవంబర్ 25 దాక, 52 రోజులు నడిచింది, సుమారు 48 వేల మంది కార్మికులు. వాళ్లు తమ వార్త కోసం ఏ పేపర్ తెరిచిండ్రో ఎవల్నన్న అడుగుండ్రి.

#6 కూడలి_సెంటర్

ఓరుగల్లు అన్నా, మిలియన్ మార్చ్ సంగతి వదిలేశారేం?

#7 ఓరుగల్లు_ముచ్చట

2011 మార్చి 10. పోలీసుల పహారాలను, బంద్ జేసిన తొవ్వలను దాటుకొని జనం ట్యాంక్‌బండ్ మీదికొచ్చుడే అసలు వార్త. విగ్రహాలు కూలినంక తెల్లారి చర్చంత విగ్రహాల మీదికి పోయింది. ఛానళ్ల బండ్లు గూడ దెబ్బతిన్నయి. వాసు తమ్ముడు చెప్పిన బారికేడ్ సంగతే, గని వంద రెట్లు పెద్దది.

#8 బీల_గట్టు

మా శ్రీకాకుళం వైపు చూడండి. సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని నెలల తరబడి రిలే దీక్షలు. రాష్ట్రం పేజీలోకి వచ్చింది ఎప్పుడు? 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయినప్పుడు. ఆ రోజు టీవీ విజువల్సులో పోలీసులతో పాటు ప్రైవేటు మనుషులు కూడా కనబడ్డంతో గగ్గోలు లేచింది. చాలామంది "మీడియా వచ్చింది కాబట్టే ప్లాంటు ఆగింది" అంటారు. పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది కూడా ఆ రోజే. ఆ కేసు కాల్పుల వల్ల పుట్టింది కాదు. అది చిత్తడి నేల, కాగితాల్లో మరోలా చూపించారు అని అంతకుముందు నుంచీ ఆధారాలు పోగేసి అప్పీలు నడిపినవాళ్లున్నారు.

అందుచేత దీక్షా శిబిరంలో రెండు ఫైళ్లుండాలి. ఒకటి విలేకరికి. రెండోది కోర్టుకి: సర్వే నంబరు, అడంగల్ నకలు, పర్యావరణ ప్రభావ నివేదికలో ఏ పేజీలో ఏం రాశారు, అక్కడి ఫొటో, తీసిన తేదీ. విలేకరి మారిపోతాడు, బదిలీ అవుతాడు, మానేస్తాడు. కొత్తోడు వచ్చినప్పుడు ఇరవై నిమిషాల్లో మొత్తం అర్థమయ్యేలా ఒక పేజీ కాలక్రమం రాసి ఆ ఫైల్ పైన పెట్టండి. తేదీ, ఏం జరిగింది, రుజువు ఏ పేజీలో ఉంది. మూడు గడులు చాలు.

#9 అట్లాంటా_అప్పారావు

ఇక్కడ అమెరికా దక్షిణాది రాష్ట్రాల పౌరహక్కుల ఉద్యమంలో మీరు చెబుతున్నవన్నీ జరిగాయి, పోల్చి చూస్తే బాగుంటుంది.

జార్జియాలోని ఆల్బనీలో 1961–62లో ఉద్యమం నడిచింది. పోలీస్ చీఫ్ లారీ ప్రిచెట్ తెలివైనవాడు. మార్టిన్ లూథర్ కింగ్ పద్ధతి ముందే చదువుకున్నాడు. కెమెరాల ముందు లాఠీ ఎత్తొద్దని తన వాళ్లకు నేర్పాడు, చుట్టుపక్కల కౌంటీల జైళ్లన్నీ ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. జైళ్లు నింపి స్తంభింపజేద్దామన్న ఎత్తు పారలేదు, టీవీలో చూపించడానికి ఏమీ మిగల్లేదు. 1962 ఆగస్టులో కింగ్ చెప్పుకోదగ్గ ఫలితం లేకుండానే అక్కడి నుంచి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు బర్మింగ్‌హామ్. అక్కడ పోలీసుల మీద అధికారమున్న బుల్ కానర్ కుక్కల్ని వదిలాడు, ఫైరింజన్ గొట్టాలు తిప్పాడు. ఉద్యమకారులు గడియారం కూడా చూసుకున్నారు: అప్పట్లో ఫిల్మ్ రీలు విమానంలో న్యూయార్క్ చేరి, కడిగి, సాయంత్రం బులెటిన్లో పడాలి, కాబట్టి కార్యక్రమం మధ్యాహ్నానికల్లా అయిపోవాలి. ఆ 1963 సెప్టెంబర్లోనే సీబీఎస్, ఎన్‌బీసీ సాయంత్రం వార్తల్ని 15 నిమిషాల నుంచి 30కి పెంచాయి, ఖాళీ పెరిగింది. 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద ఉద్యమకారుల్ని పోలీసులు కొట్టిన దెబ్బల్ని ఏబీసీ ఆదివారం రాత్రి సినిమా మధ్యలో ఆపి చూపించింది.

నా ఉద్దేశంలో తేల్చి చెప్పాల్సింది ఒకటుంది. ఎదుటివాడు ప్రిచెట్ లాంటివాడైతే వీధి దృశ్యాల మీద ఆధారపడొద్దు. మన దగ్గర ఇప్పుడు జిల్లా యంత్రాంగాలు చేసేది అదే: ముందురోజు రాత్రి గృహ నిర్బంధాలు, పొద్దున్నే వ్యాన్లలో వేరే స్టేషన్లకు తరలింపు. లాఠీ లేదు, విజువల్ లేదు.

#10 పెన్నాతీరం

అప్పారావు గారూ, మన పాఠం అంతకంటే పాతది. 1930లో దండికి 24 రోజులు నడవడమే ఒక ప్రచార పద్ధతి. 240 మైళ్లు, రోజుకో మజిలీ, మజిలీకో సభ, విలేకరికి రోజూ కొత్త డేట్‌లైన్. నడిచే 78 మంది పేర్లు "యంగ్ ఇండియా"లో ముందే అచ్చయ్యాయి. మే 21న ధరాసన ఉప్పు కొఠార్ల దగ్గర సత్యాగ్రహానికి నాయకత్వం హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడిది. అక్కడ వరసలు వరసలుగా వెళ్లి దెబ్బలు తిన్నవాళ్ల గురించి యునైటెడ్ ప్రెస్ విలేకరి వెబ్ మిల్లర్ పంపిన తంతిని సెన్సార్ అడ్డుకోబోయింది. చివరికి అది బయటపడి వెయ్యికి పైగా పత్రికల్లో వచ్చింది. స్థానిక పత్రికల నోరు కట్టేసినప్పుడు బయటి విలేకరి ఒక్కడైనా అక్కడ ఉండేట్టు చూసుకోవడం అప్పటి నుంచీ ఉంది.

#11 ట్రాక్టర్_అనంత

2020–21 ఢిల్లీ సరిహద్దు రైతు ఉద్యమాన్ని కలపకపోతే ఈ చర్చ పాతబడిపోతుంది. సింఘు, టిక్రీ, ఘాజీపూర్ దగ్గర పెద్ద ఛానళ్ల మైకులు చూస్తే "గోదీ మీడియా వాపస్ జావ్" (సర్కారు ఒళ్లో కూర్చున్న మీడియా, వెనక్కి పో) అనేవాళ్లు. తిట్టి ఊరుకోలేదు, మూడు పనులు చేశారు.

డిసెంబర్ 18న "ట్రాలీ టైమ్స్" మొదలైంది. నాలుగు పేజీలు, పంజాబీ, హిందీ. అది లోకం కోసం కాదు, పది కిలోమీటర్ల పొడవున ఆగిన ట్రాలీల్లో ఒక చివర వాళ్లకు రెండో చివర ఏం నిర్ణయం జరిగిందో తెలియడానికి. దీన్ని మనవాళ్లు పట్టించుకోరు: సగం పుకార్లు శిబిరం లోపలే పుడతాయి. కిసాన్ ఏక్తా మోర్చా పేరుతో ఒకే అధికారిక ఖాతా. రోజూ సాయంత్రం సంయుక్త కిసాన్ మోర్చా ప్రెస్ మీట్, వేదిక మీద వేర్వేరు సంఘాల నాయకులు, మాట మాత్రం ఒకటి.

దెబ్బలు కూడా తగిలాయి. డిసెంబర్ 20న ఫేస్‌బుక్ పేజీ కాసేపు ఎగిరిపోయింది. 2021 జనవరి 26న ఎర్రకోట దృశ్యం మిగతా ట్రాక్టర్ పరేడ్ మొత్తాన్ని మింగేసింది. ఆ వారమే సరిహద్దుల్లో ఇంటర్నెట్ ఆపారు. ఫిబ్రవరి 1న ట్విట్టర్ 250 దాకా ఖాతాలను, పోస్టులను నిలిపేసింది, సాయంత్రానికి తిరిగి తెరిచింది. నవంబర్ 19న చట్టాల రద్దు ప్రకటన వచ్చేదాకా నిలబడ్డారంటే, జనవరి 26 తర్వాత కూడా వాళ్ల సొంత గొంతు వాళ్ల దగ్గర ఉండటం ఒక కారణం.

మనవాళ్లు చేయగలిగింది: వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్లకే పంపనిస్తుంది. అప్పటికే చాలాసార్లు తిరిగిన మెసేజైతే ఒక్కదానికే. కాబట్టి మండలానికి ఒకరు చొప్పున పంపేవాళ్ల జాబితా ముందే ఉండాలి. నెట్ ఆపేస్తే పనికొచ్చేలా అదే జాబితాలో మామూలు ఫోన్ నంబర్లు కాగితం మీద రాసుండాలి. జహీరాబాద్ దగ్గర మాచునూరు సంగం రేడియో లాంటి కమ్యూనిటీ రేడియోలు ఉన్నాయి కదా అంటారేమో, వాటికి సొంతంగా వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు. వ్యవసాయం, ఆరోగ్యం, పాటలు సరే, "ఇవాళ ధర్నాలో" అనకూడదు.

#12 సెక్షన్_సుబ్బలక్ష్మి

చట్టం వైపు నాలుగు మాటలు, ఎందుకంటే వార్త చెడేది ఇక్కడే.

అనుమతి కాగితం: పోలీసు చట్టం సెక్షన్ 30, లేదా పాత 144 స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త నేర విచారణ చట్టం) 163, వీటిలో ఏది అమల్లో ఉందో రాతపూర్వకంగా అడగండి. "అనుమతి లేని ధర్నా" అని పోలీసు నోట్ ముందే వెళ్తే మర్నాటి హెడ్డింగ్ అదే. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుని, తిరస్కరిస్తే ఆ తిరస్కరణ పత్రాన్నే ప్రెస్ నోటుకు జోడించండి. 2020 అక్టోబర్ 7న షాహీన్‌బాగ్ తీర్పులో సుప్రీంకోర్టు రోడ్లను నిరవధికంగా ఆక్రమించరాదంది. నిరసన హక్కు లేదనలేదు. ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ను 2017లో ఎత్తేస్తే, 2018లో హైకోర్టు జోక్యంతోనే మళ్లీ తెరుచుకుంది.

వీడియో సాక్ష్యం: భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, రెండు భాగాలు, రెండోది నిపుణుడు నింపాలి, ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి అంకె) రాయాలి. వాట్సాప్‌లో కుదించుకుపోయిన వీడియోకు, ఫోన్లో ఉన్న అసలు వీడియోకు హ్యాష్ ఒకటి కాదు. అందుకే తీసిన ఫోన్లోంచి అసలు ఫైల్ చెరపొద్దు. ఆ రోజే కేబుల్ పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఎవరు ఎప్పుడు ఎక్కించారో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఫోన్ గడియారం తప్పు తేదీ చూపిస్తుంటే దాని మీదే గంట సేపు అడ్డుప్రశ్నలు పడతాయి.

తప్పుడు వార్త వస్తే: పత్రికకు ముందు ఎడిటర్‌కు లేఖ, స్పందించకపోతే ప్రెస్ కౌన్సిల్. దినపత్రికకైతే అచ్చయిన రెండు నెలల్లోపే. ఛానల్‌కు ఏడు రోజుల్లోపు ఫిర్యాదు వెళ్లాలి, ఆ తర్వాతే ఎన్‌బీడీఎస్ఏ (వార్తా ఛానళ్లు తామే పెట్టుకున్న నియంత్రణ సంస్థ). అదీ ఆ ఛానల్ అందులో సభ్యురాలైతేనే. కోపంతో మూడు వారాలు ఆగి రాసేవాళ్లకు ఈ తలుపు మూసుకుపోతుంది. ఇంటర్నెట్ ఆపితే ఆ ఉత్తర్వు బయటపెట్టాలని 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో తీర్పు ఉంది, కాపీ అడగండి.

#13 డెస్క్_పాతకాపు

సుబ్బలక్ష్మి గారు చెప్పినదానికి తోడు ఒక ముఖ్యమైన సంగతి. ఉద్యమంలో ఎవరైనా ప్రాణం తీసుకుంటే దాన్ని "బలిదానం" అని బ్యానర్ చేయడం 2009 తర్వాత మన పత్రికల్లో, ఛానళ్లలో బాగా సాగింది, దానివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. 2019 సెప్టెంబర్‌లో ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు వచ్చాయి: ప్రముఖంగా వేయొద్దు, ఎలా చేశారో రాయొద్దు, పదేపదే వేయొద్దు, సాయం కోసం సంప్రదించే నంబరు ఇవ్వాలి. ఉద్యమ వేదిక మీద మాట్లాడేవాళ్లూ పాటించాల్సినవే ఇవి. ఆ ఫొటోతో ఫ్లెక్సీ కట్టొద్దు, ప్రెస్ నోట్ ఆ మరణంతో మొదలుపెట్టొద్దు.

#14 లెక్కల_మాస్టారు

జనం లెక్క గురించి ఎవరూ మాట్లాడలేదు. నిర్వాహకులు 20 వేలంటారు, పోలీసులు రెండు వేలంటారు, డెస్కు "వేలాదిగా" అని రాసి చేతులు దులుపుకుంటుంది. బర్కిలీలో హెర్బర్ట్ జేకబ్స్ అనే పాత్రికేయ ఆచార్యుడు 1960ల్లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ చాలు. వదులుగా నిలబడితే మనిషికి 10 చదరపు అడుగులు, దగ్గరగా అయితే నాలుగున్నర, ఊపిరాడనంత అయితే రెండున్నర.

30 అడుగుల వెడల్పు రోడ్డు, 400 అడుగుల పొడవు జనం: 12 వేల చదరపు అడుగులు. వేదిక, వ్యాన్లు, టీ బండ్లు తీసేయండి, సరే, లెక్క కోసం ఉంచుదాం. వదులుగా అయితే 1,200 మంది, దగ్గరగా అయితే 2,700 లోపు. 20 వేలనాలంటే మనిషికి 0.6 చదరపు అడుగు, పాదం కూడా ఆనదు. ర్యాలీ అయితే ఒక కరెంటు స్తంభం దగ్గర నిలబడి వరుసలు లెక్కపెట్టాలి: వరుసకు 6 మంది, నిమిషానికి 20 వరుసలు, 25 నిమిషాలు, మూడు వేలు. రెండు చోట్ల ఇద్దరు లెక్కపెట్టి సరిచూసుకోవాలి, లేకపోతే మధ్యలో కలిసినవాళ్లు, పోయినవాళ్లు తేలరు. ప్రెస్ నోటులో అంకెతో పాటు లెక్కించిన తీరు ఒక్క వాక్యం రాయండి. పోలీసుల అంకె మీద అప్పుడు డెస్కుకే అనుమానం వస్తుంది.

#15 ఓరుగల్లు_ముచ్చట

మాస్టారూ, ఈ లెక్క మా నాయకులకు చెప్తే సభ పెట్టుడే మానేస్తరు.

#16 కూడలి_సెంటర్

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్క ప్రశ్న: నెల రోజుల దీక్షకు వారం వారం ఏం పెట్టుకోవాలి? డెస్క్ సార్?

#17 డెస్క్_పాతకాపు

సోమవారం కలెక్టరేట్లో అర్జీల రోజు, తెలంగాణలో ప్రజావాణి. జిల్లా రిపోర్టర్లంతా అక్కడే ఉంటారు, వాళ్లను మీ టెంట్ దగ్గరికి రప్పించే బదులు మీరే పత్రాలతో వెళ్లండి. రసీదు నంబరు తీసుకోండి, దాని మీద ఏం చర్య తీసుకున్నారని తర్వాతి సోమవారం అడిగితే అది ఇంకో వార్త. మంగళ, బుధల్లో సమాచార హక్కు దరఖాస్తులు, ఆఫీసుల చుట్టూ తిరగడం, కొత్త కాగితం ఏదైనా చేతికొస్తే గురువారం ప్రెస్ మీట్. శుక్రవారం వైద్య శిబిరమో, నీటి నమూనాల సేకరణో: గుర్తింపు ఉన్న ల్యాబ్‌కే పంపండి, సొంతంగా సీసాల్లో పట్టి చూపిస్తే కంపెనీ లాయర్ నవ్వుతాడు. ఆదివారాన్ని వదులుకోవద్దు. ఆ రోజు ప్రభుత్వ ఆఫీసులు లేవు, మంత్రుల కార్యక్రమాలు తక్కువ, సోమవారం పేజీకి వార్తల కరువు. ఊరంతా కలిసి చేసేది, చూడ్డానికి బాగుండేది ఏదైనా ఆదివారం పెట్టి మూడు గంటల్లోపు పంపితే జిల్లా మొదటి పేజీలో పడే అవకాశం ఉంది.

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు ఈ పట్టిక పనికిరాదు. అర్జీల రోజు ఉండదు, పేజీలన్నీ అభ్యర్థుల పర్యటనలకే పోతాయి. అప్పుడు ఒక్కో అభ్యర్థి దగ్గరికీ డిమాండ్ కాగితం పట్టుకెళ్లి సంతకం అడగండి. ఎవరు పెట్టారు, ఎవరు పెట్టలేదు అన్న జాబితా పంపితే వేస్తారు.